బీచ్ పార్కులో ఒక గాలింపు

నా సర్వీసులో ఆఖరి మూడేళ్లు మెరైన్ పోలీస్ స్టేషన్‌లో గడిచాయి. అంతకు ముందంతా మెట్ట ప్రాంతపు స్టేషన్లలోనే కానిస్టేబుల్‌గా, హెడ్ కానిస్టేబుల్‌గా చేసినవాణ్ణి. ఏఎస్సైగా ప్రమోషన్ ఇస్తూ తోటపల్లి గూడూరు వైపు తీరానికి వేశారు. ఏఎస్సై అంటే సబ్ ఇన్‌స్పెక్టర్‌కు ఒక మెట్టు కింద. పైవాళ్లకు జవాబు చెప్పాలి, కిందివాళ్లతో పని చేయించాలి. మెరైన్ పోలీసు అనగానే వేగంగా పోయే పడవలు, తుపాకులు ఊహించుకుంటారు గానీ, మాకు గస్తీ పడవ మీద కంటే ఒడ్డు మీదే ఎక్కువ పని. కార్తిక మాసం వచ్చిందంటే ఆదివారం, సోమవారం, పౌర్ణమి నాడు నా డ్యూటీ బీచ్ పార్కులోనే.

ఆ పార్కు పెద్దదేమీ కాదు. పిల్లలు ఎక్కి జారే సిమెంటు ఏనుగు ఒకటి, నాలుగు వరసల బెంచీలు, చేపల వేపుడు బండ్లు, వాటి వెనక సరుగుడు తోట. బెంచీలు దాటితే ఇసుక, ఇసుక దాటితే స్నానాలకు వదిలిన తీరం. ఆ తీరానికి రెండు చివర్లా ఎర్ర జెండాలు పాతి, జెండాల మధ్యనే దిగమని మైకులో చెబుతూ ఉంటాము. కార్తికంలో సముద్రం మంచి స్వభావంతో ఉండదు. ఈశాన్యపు గాలికి అల వంకరగా వస్తుంది, ఒడ్డు వెంట నీరు దక్షిణానికి లాగుతుంది. ఒకచోట దిగినవాడు తనకు తెలియకుండానే ఇంకోచోట తేలుతాడు.

మనిషి నీళ్లలో కనపడటం లేదని ఎవరైనా వచ్చి చెబితే మేము అడిగేవి మూడే. ఎవరు, ఎక్కడ దిగారు, ఆఖరిసారి ఎప్పుడు చూశారు. ఆ జవాబులు సరిగ్గా రాకపోయినా గాలింపు మొదలుపెట్టాల్సిందే. చెప్పిన మాట నిజమా కాదా అని ఒడ్డు మీద కూర్చుని తేల్చుకోవడానికి వీల్లేదు. ఆలోచించే కాసేపట్లోనే లోపల మనిషి అయిపోతాడు.

నేను చెప్పబోయేది రిటైర్మెంటుకు ముందటి కార్తికంలో ఒక ఆదివారం జరిగింది. వనభోజనాల జనంతో తోట నిండిపోయింది. మధ్యాహ్నం ఎండ కాస్త వాలుతుండగా ఒక ముసలామె నీటి అంచు వెంట నడుచుకుంటూ మా ఔట్‌పోస్టు దగ్గరికి వచ్చింది. ఔట్‌పోస్టు అంటే నాలుగు గుంజల మీద టార్పాలిన్, ఒక బల్ల, వైర్‌లెస్ సెట్టు. ఆమె చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. చేతుల్లో మగవాళ్ల చొక్కా ఒకటి మడతపెట్టి, గుండెకు ఆనించి పట్టుకుంది.

"నాయనా, మా ఆయన నీళ్లల్లోకి పోయినాడు. ఇంకా రాలా" అంది.

కుర్చీ వేసి కూర్చోమన్నాను. కూర్చోలేదు. పేరు అడిగితే జయమ్మ అని చెప్పింది. ఆయన పేరు అడిగితే మాత్రం తల దించుకుని, "ఆయన పేరు నేనెట్ట చెప్పేది" అంది. ఆ తరం ఆడవాళ్లు భర్త పేరు పలకరు. నేను పట్టుబట్టలేదు. ఊరేదంటే ఒక పేరు చెప్పింది గానీ అది ఆమె పుట్టినూరని తర్వాత తెలిసింది. ఎక్కడ దిగాడంటే చెయ్యెత్తి సముద్రమంతా చూపించింది. ఎట్టుంటాడని అడిగాను.

"పొడుగ్గా ఉంటాడు. జుట్టు నల్లగా, ఒత్తుగా ఉంటుంది. ఈత బాగా వచ్చు. అదే నాకు భయం. ఈత వచ్చినోడు ఒడ్డున ఉంటాడా, లోపలికి పోతాడు."

ఆ చివరి మాట అక్షరాలా నిజం. ఈత రానివాడు మోకాలి లోతులో ఆగుతాడు. మాకు గాలింపులు తెచ్చిపెట్టేది ఈత వచ్చినవాళ్లే.

పక్కనే ఉన్న లైఫ్‌గార్డు నా చెవి దగ్గరికి వచ్చి, ఈ వయసామె మొగుడికి నల్ల జుట్టేంది సార్ అని గొణిగాడు. నాకూ ఆ అనుమానం వచ్చింది. కానీ చొక్కా చూశాను. మెడ పట్టీ ఇంకా చెమటతో తడిగా ఉంది. అంటే ఎవరో ఒక మగమనిషి అప్పుడే దాన్ని విప్పి ఆమె చేతికిచ్చి నీళ్లలోకి వెళ్లాడు. అంతవరకు సందేహం లేదు. గాలింపుకు అది చాలు.

విజిల్ వేయించి స్నానాల జనాన్నంతా బయటికి రప్పించాను. ఎవరి గుంపులో ఎవరు తగ్గారో చూసుకోమని మైకులో చెప్పించాను. జయమ్మ గారి తాలూకు వాళ్లు ఎక్కడున్నా ఔట్‌పోస్టుకు రావాలని పదే పదే పిలిపించాను. తోటలో ప్రతి గుంపూ ఒక సౌండ్ బాక్సు పెట్టుకుని పాటలు వేసుకుంటోంది, ఆ మోతలో మా మైకు ఎవరికీ వినపడలేదు. సెట్టులో ఎస్సై గారికి చెప్పాను. ఖాయమేనా అని అడిగారాయన. చొక్కా ఉంది సార్ అన్నాను. బయల్దేరుతున్నానన్నారు.

లైఫ్‌గార్డులు, హోంగార్డులు, ఒడ్డున ఉన్న కుర్రవాళ్లు కొందరు కలిసి చేతులు పట్టుకుని నడుము లోతులో వరసగా నడిచారు. అడుగున పడిన మనిషి కాలికి తగులుతాడని అలా నడుస్తారు. అలలు విరిగే చోటుకు అవతల వెతకాలంటే బోటు కావాలి. పార్కుకు ఉత్తరాన పల్లెకారుల బోట్లు ఇసుక మీదికి లాగి ఉంటాయి. వల బాగుచేసుకుంటున్న పోలయ్యకు కబురు పంపాను. యాభై దాటిన మనిషి, ఆ పల్లెలో నలుగురూ వినేది అతని మాటే. వచ్చి సముద్రం వైపు కాసేపు చూశాడు.

"అల బాగలేదు సార్" అన్నాడు. మళ్లీ ఆ ముసలామె వైపు చూసి, "సరే, పోదాం" అన్నాడు.

ఇద్దరు మనుషులను తీసుకుని బోటు దించాడు. మొదటి అల దాటింది. రెండో అలకు బోటు ముక్కు ఆకాశంలోకి లేచి, ఒక క్షణం నిలువునా నిలబడింది. తిరగబడిందనే అనుకున్నాను. పంపినవాణ్ణి నేను. వాళ్ల ఇళ్లకు వెళ్లి చెప్పాల్సింది కూడా నేనే. మోటారు గర్రున మోగి బోటు అవతలికి పడింది. పోలయ్య వెనక ఇంకో బోటూ దిగింది. రెండూ కలిసి ఉత్తరం నుంచి దక్షిణానికి, మళ్లీ ఉత్తరానికి, నేత నేసినట్టు నీటి మీద తిరిగాయి.

జయమ్మ నా పక్కనే నీటి అంచున నిలబడింది. బోటు అల చాటుకు పోయి కనపడకుండా పోయినప్పుడల్లా నా చొక్కా చెయ్యి పట్టుకునేది. మళ్లీ కనపడగానే వదిలేసేది. అలా చాలాసేపు నిలబడ్డాము. మధ్యలో ఒకసారి అడిగింది.

"నీకు పెళ్లయిందా నాయనా?"

అయిందన్నాను.

"నీ పెండ్లాం గూడా ఇట్నే చూస్తా ఉంటుందా, నీ కోసం?"

ఆమెకు నా జవాబు అవసరం లేదు, కళ్లు బోట్ల మీదే ఉన్నాయి.

అప్పుడు తోట వైపు నుంచి ఒక ఆడమనిషి పరుగెత్తుకుంటూ వచ్చింది. వెనకనే టవలు కప్పుకున్న నలభై అయిదేళ్ల మనిషి. ఆమె జయమ్మ కోడలు ప్రమీల, అతను కొడుకు మాధవ. నెల్లూరికి పడమట వరి సేద్యం చేసుకునే కుటుంబం, ఊరివాళ్లతో కలిసి టెంపోలో వనభోజనానికి వచ్చారు. మాధవ తల్లిని బెంచీ మీద కూర్చోబెట్టి, చొక్కా ఆమె చేతికిచ్చి స్నానానికి దిగాడు. నీరు లాగడంతో దక్షిణాన ఎక్కడో ఒడ్డెక్కి, అటు నుంచి అటే టెంపో దగ్గరికి పోయాడు. అమ్మ ప్రమీల దగ్గర ఉందనుకున్నాడు. అత్తమ్మ మాధవ దగ్గర ఉందని ప్రమీల అనుకుంది. విస్తళ్ల ముందు కూర్చునేటప్పుడు గానీ ఇద్దరికీ తెలియలేదు.

మరి మీ నాన్న గారెక్కడ అని అడిగాను. ఆయన పోయి చాలా ఏళ్లయిందని, నెల్లూరు ఆస్పత్రిలో గుండెజబ్బుతో పోయారని ప్రమీల చెప్పింది. అత్తమ్మకు రెండేళ్లుగా మతిమరుపు జబ్బు. కొన్ని రోజులు అందరినీ గుర్తుపడుతుంది, కొన్ని రోజులు పెళ్లయిన కొత్తలో ఉంటుంది.

ఎర్ర గుడ్డ ఊపించి బోట్లను వెనక్కి పిలిచాను. అప్పటికి చుట్టూ జనం చేరారు. లేని మనిషి కోసం ఇంతసేపు స్నానాలు ఆపించారని కొందరు విసుక్కున్నారు. ఆ మాటలు మాధవ చెవిన పడ్డాయి. అవమానంతో వచ్చిన కోపమే గానీ చెడ్డవాడు కాదతను. తల్లి భుజం పట్టుకుని అన్నాడు.

"నాయన ఎప్పుడో చచ్చిపోయినాడమ్మా. ఎన్ని సార్లు చెప్పాల నీకు?"

జయమ్మ అతని ముఖంలోకి చూసింది. ఆ కబురు అప్పుడే మొదటిసారి వింటోందని ఆమె చూపే చెప్పింది. "ఎప్పుడు? నాకెవురూ చెప్పలేదే" అంటూ తడి ఇసుకలో అలాగే కూలబడింది. ఒళ్లంతా వణికింది. మాధవ చేతులు వేలాడేసుకుని నిలబడిపోయాడు. చెప్పిన ప్రతిసారీ ఇంతే సార్, అందుకే ఇంట్లో చెప్పడం మానేసినాం అని ప్రమీల నాతో మెల్లగా అంది. పెళ్లయిన కొత్తలో వాళ్లిద్దరూ బండ్లు కట్టుకుని ఊరివాళ్లతో ఇదే తీరానికి వచ్చారట. ఆయన ఈదుకుంటూ కనుచూపు దాటి పోయాడట. తిరిగి వచ్చేదాకా ఈమె ఆయన చొక్కా పట్టుకుని ఒడ్డున ఏడుస్తూ నిలబడిందని, ఊళ్లో ఏళ్ల తరబడి అందరూ ఆటపట్టించేవారని చెప్పింది.

ఈలోగా జీపు వచ్చింది. ఎస్సై గారు నాకంటే చాలా చిన్నవారు, పనిలో కచ్చితమైన మనిషి. విషయం విని మాధవ వైపు కోపంగా అడుగు వేశారు. అదే సమయానికి బోటు ఒడ్డుకు తగిలింది. పోలయ్య తల నుంచి కాళ్ల దాకా తడిసి, తాడు ఒరుసుకుని తోలు లేచిన అరచెయ్యి పట్టుకుని నా ముందుకు వచ్చాడు. గాలింపుకు వెళ్లిన బోటు ముందుగా పంపిన అధికారికి రిపోర్టు చెయ్యాలి. ఏం కనపళ్లా సార్ అన్నాడు.

జరిగింది అతనికి రెండు ముక్కల్లో చెప్పాను. తిడతాడేమో అనుకున్నాను, తిట్టినా తప్పు లేదు. అతను ఇసుకలో కూర్చున్న జయమ్మ వైపు తిరిగాడు. ఎస్సై గారు కూడా ఆగారు. డ్యూటీలో అలవాటైన మాటే నోటికి వచ్చింది.

"వెతకమని అడిగింది ఆమె, పోలయ్యా. రిపోర్టు ఆమెకే చెప్పు."

పోలయ్య ముఖం తుడుచుకుని ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, మేం లోపలికి పోయి చూసినాం. ఈ పక్క ఏరొచ్చి కలిసే మొగ దాకా చూసినాం. ఆ పక్క కృష్ణపట్నం ఓడలు కనపడే దాకా చూసినాం. మీ ఆయన సముద్రంలో లేడమ్మా."

ఆమె వణుకు ఆగింది. "బాగా చూసినారా?"

"బాగా చూసినాం."

"నిజంగా లేడా?"

"లేడు."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. చీర చెంగుతో కళ్లు తుడుచుకుని కొడుకు వైపు తిరిగి, "మీ నాయన గట్టెక్కినాడంట రా" అంది.

మాధవ ఆమె పక్కన ఇసుకలో కూర్చున్నాడు. "అవునమ్మా. గట్టెక్కినాడు" అన్నాడు.

జనం మెల్లగా పల్చబడ్డారు. ఎస్సై గారు మాధవను పక్కకు పిలిచి, ఇకమీదట బయటికి తెచ్చేటప్పుడు అమ్మ చేతికి ఫోన్ నంబరున్న పట్టీ కట్టమని, ఎవరో ఒకరు చెయ్యి వదలకుండా ఉండాలని చెప్పి పంపేశారు. ప్రమీల బోటువాళ్లందరినీ తోటలోకి తీసుకుపోయి పులిహోర, పప్పు, వంకాయ కూర వడ్డించింది. జయమ్మ కూడా పోలయ్య పక్కన కూర్చుని, అతను సరిగ్గా తింటున్నాడా లేదా అని చూస్తూ, ఇంకొంచెం పెట్టమని కోడలికి సైగ చేస్తూ ఉంది. అతనెవరో అప్పటికే మరిచిపోయి ఉంటుంది.

కొన్ని నెలల తర్వాత నెల్లూరు బస్టాండులో మాధవ కనిపించి తనే పలకరించాడు. తల్లి అప్పుడప్పుడూ ఆయన ఇంకా రాలేదేమని అడుగుతూనే ఉందట. ఇంట్లో ఎవరూ ఆయన చచ్చిపోయాడని చెప్పడం లేదు, అబద్ధమూ చెప్పడం లేదు. బోటోళ్లు చూసినారమ్మా, సముద్రంలో లేడు అంటే చాలు, నిమ్మళంగా పడుకుంటోందట.

ఆ తర్వాత రిటైరయ్యే లోపు నా డ్యూటీలో ఇంకో మూడు గాలింపులు జరిగాయి. ఒక దానిలో మనిషి దొరకనే లేదు. అంతకు ముందైతే అటువంటప్పుడు నివేదిక పైకి పంపి, ఇంటివాళ్లకు 'దొరకలేదు' అనే ఒక్క మాట చెప్పి ఊరుకునేవాణ్ణి. ఆసారి బోటు నడిపినవాణ్ణి వెంటబెట్టుకుని ఆ కనపడకుండా పోయిన మనిషి భార్య దగ్గరికి వెళ్లాను. ఎక్కడెక్కడ, ఎంత దూరం, ఎన్ని విడతలు చూశామో అన్నీ చెప్పించాను. ఆమె ఏడుస్తూనే చివరిదాకా విన్నది. మధ్యలో రెండు ప్రశ్నలు అడిగింది, బోటతను జవాబు చెప్పాడు.

గాలింపుకు ఫలితం దొరకడం మన చేతిలో లేదు. ఎక్కడెక్కడ చూశామో ఒడ్డున నిలబడ్డ మనిషికి ఎదురుగా కూర్చుని చెప్పడం మన చేతిలో ఉంది. అది మాకు ట్రైనింగులో నేర్పలేదు. నేను నా కింద పని చేసినవాళ్లకు నేర్పాను.