మూడో పాదంలో ఆగిన చోటు

గత నెలలో ఒక ఉదయం ఏలూరు ఆసుపత్రిలో మా ఆవిడ పోయింది. ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడిపోయే జబ్బు. పాట నేర్పే మనిషి ఊపిరి అందక పోయింది. దీన్ని ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు రాదు. ఆమె దగ్గర చదువుకున్న పిల్లలూ, ఆమెతో కలిసి చదువుకున్న పిల్లలూ చాలా ఊళ్ళలో ఉన్నారు. అందరికీ ఫోను చేయలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమెతో కలిసి చదువుకున్నవాళ్ళని పిల్లలనడం పొరపాటు కాదు. నలభై దాటాక ఆమె విశ్వవిద్యాలయంలో సంగీతం ఎం.ఏ.లో చేరింది. పెళ్ళికి ముందు తాడేపల్లిగూడెంలో ఒక టీచరు గారి దగ్గర గాత్రం నేర్చుకుని డిప్లొమా దాకా వచ్చింది. తరవాత సంసారం, మధ్యలో ప్రైవేటుగా కట్టి పాసైన డిగ్రీ, కొల్లేటి ఒడ్డున ఒక చర్చి బడిలో మ్యూజిక్ టీచరు ఉద్యోగం. మా అమ్మాయి ఇంజనీరింగులో చేరి హాస్టలుకి వెళ్ళిన ఏడాది, నాకు పప్పు వడ్డిస్తూ, "ఏవండీ, నేనూ కాలేజీకి వెళ్తానండీ" అంది. నేను సరే అన్నాను. అంత తొందరగా ఒప్పుకుంటానని అనుకోలేదేమో, అడక్కుండానే ఇంకో గరిటె పప్పు వేసింది.

వారమంతా అక్కడ హాస్టల్లో ఉండి శనివారం రైల్లో ఇంటికి వచ్చేది. బడివాళ్ళు సెలవిచ్చారు. క్లాసులో అందరూ మా అమ్మాయి ఈడువాళ్ళే. మొదట్లో ఆంటీ అని పిలిచారట. "ఆంటీ అంటే నాకు శ్రుతి కుదరదమ్మా, అక్కా అనండి" అని చెప్పిందట. వాళ్ళలో చింతలపూడి అమ్మాయి ఒకతె ఆమెకు బాగా దగ్గరైంది. ఆ పిల్ల నన్ను బావగారూ అని పిలుస్తుంది.

చదువులో చివరి ఏడాదికి రెండు దారులు. ఒకటి ప్రదర్శన, రెండోది బోధన. ప్రదర్శన తీసుకున్నవాళ్ళు వయొలిన్, మృదంగం పక్కన పెట్టుకుని, పరీక్షకు వచ్చినవాళ్ళ ముందు గంటసేపు కచేరీ చెయ్యాలి. ఆమె ప్రదర్శన తీసుకుంది. ఆ ఒక్క గంట కోసమే చేరానని నాతో అంది. బడిలో నేర్పేది ఎప్పుడూ మొదటి పాఠాలే. పూర్తిగా పాడటం ఎలా ఉంటుందో చూడాలని ఆమె కోరిక.

ఇంట్లో ఉన్న రోజుల్లో ఆమెకో అలవాటు ఉండేది. పొద్దున్నే కుళాయి కింద చెంబు పెట్టి, నిండేదాకా ఒకే ఊపిరిలో షడ్జం పట్టేది. చెంబు నిండటం, స్వరం ఆగటం ఒకేసారి జరిగేవి. ఆ స్వరం ఆగితే నాకు తెల్లవారినట్టు. చివరి ఏడాది మొదలైన కొత్తలో స్వరం ముందే ఆగిపోవడం మొదలైంది. నీళ్ళ చప్పుడు మాత్రం ఇంకా వినిపించేది. "మునిసిపాలిటీవాళ్ళు నీళ్ళు సన్నగా వదులుతున్నారండీ" అంది. ఆమె స్నానానికి వెళ్ళాక నేను కుళాయి తిప్పి చూశాను. ధార ఎప్పటిలాగే ఉంది.

నా పని గురించి ఒక మాట చెప్పాలి. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులకు నీటి పరీక్షలు చేసే చిన్న ల్యాబ్ నాది. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూసి రైతుకు చెప్పాలి. అది తగ్గిన చెరువులో తెల్లవారేసరికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటాయి. అప్పుడు రైతు పరిగెత్తి, నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్ వేస్తాడు. కనుక కుళాయి దగ్గర నిలబడ్డప్పుడే నాకు అనుమానం వచ్చింది. వారంలోపే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. స్కానింగ్ చూసి ఆయన మందు లేదనలేదు, తగ్గుతుందనీ అనలేదు. జబ్బు నడకను కొంచెం ఆపుతామన్నాడు. పాడవచ్చా అని ఆమె అడిగింది. పాడగలిగినంత కాలం పాడమన్నాడు.

ఆ గంట కచేరీ జరగలేదు. మొదటి కీర్తనలోనే పై స్థాయికి వెళ్ళేసరికి దగ్గు వచ్చేది. పరీక్షకు ముందే ఆమె నన్ను తోడు తీసుకుని వెళ్ళి, ప్రదర్శన మానుకుని బోధనకు మారతానని రాసిచ్చింది. ఆమెకు పాఠం చెప్పే మేడమ్ ఒప్పుకున్నారు గానీ ఒక మాట అన్నారు. "పాడటం పోతే నేర్పడం మిగులుతుందనుకోకమ్మా. అది ఇంకా ఎక్కువ ఊపిరి అడుగుతుంది." రైల్లో వస్తూ ఈ మాట నాకు చెప్పి, దెందులూరు దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

బోధన పరీక్షకు పిల్లల కోసం ఒక పాట కట్టి, నేర్పి, వాళ్ళచేత పాడించాలి. ఆమె తన బడి పిల్లలకే నేర్పింది. వాళ్ళు ఎక్కువమంది చేపలు పట్టే ఇళ్ళవాళ్ళు. పాటకు నాలుగు పాదాలు. మాటలూ వరుసా ఆమెవే. మూడో పాదం కావాలనే పొడుగ్గా కట్టింది. "నీటి అంచు నుండి నింగి అంచు దాకా పరచుకున్న వెలుగా" అని. కింది స్వరంలో మొదలై పైకి వెళ్ళేదాకా ఒకే ఊపిరిలో పాడాలి. పిల్లలకు ఊపిరి నిలపడం దానివల్లే వస్తుందని ఆమె లెక్క.

అప్పటికి ఇంట్లోకి ఆక్సిజన్ మిషను వచ్చింది. ముక్కుకు గొట్టం పెట్టి స్విచ్ వేసిన రోజు ఆమె నవ్వింది. "మీ చేపలే నయమండీ. నోరు తెరవగానే పరిగెత్తుతారు. నాకు ఇన్నాళ్ళకి పెట్టారు ఏరియేటర్" అంది. నేను నవ్వలేదు. "మరీ చెరువు రైతులా మొహం పెట్టకండి" అంది.

బడికి కారులో తీసుకువెళ్ళేవాణ్ణి. చిన్న సిలిండరు నేనే మోసేవాణ్ణి. ఆమె పాడేది, పిల్లలు అనేవాళ్ళు. వారం వారం వాళ్ళ గొంతులు తేటపడ్డాయి. పరీక్ష రోజు మేడమ్ ఆ బడికే వచ్చి బెంచీ మీద కూర్చుని విన్నారు. పిల్లలు శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. మూడో పాదంలో "పరచు" దగ్గర అందరూ ఒక్కసారి ఆగి, గబుక్కున ఊపిరి తీసుకుని, "కున్న వెలుగా" అన్నారు. అందరూ ఒకే చోట ఆగారు. చిన్నగా భుజాలు కూడా ఎగరేశారు.

మేడమ్ పిల్లలను బయటికి పంపి, "చాలా బాగా నేర్చుకున్నారమ్మా, నీ ఊపిరితో సహా" అన్నారు. ఎగతాళిగా అనలేదు. ఆమె చెయ్యి పట్టుకుని అన్నారు.

పరీక్ష పాసైంది. ఆ సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు బడికి తీసుకువెళ్ళమంది. అక్కడ ఎందుకు ఆగుతున్నారని పిల్లలను అడిగింది. ఒక పిల్ల లేచి, "మీరక్కడే ఆగుతారు కదండీ టీచర్" అంది. తిరిగి వస్తూ కారులో నాతో అంది, "నా జబ్బు నాతో పోవాలండీ. వాళ్ళ పాటలో ఉండకూడదు."

అప్పటినుంచి ఆమెకు ఒకటే పని. నేర్పినదాన్ని మాన్పించడం. తను ఆ పాదం ఒక ఊపిరిలో పాడి చూపించలేకపోయేది. జబ్బుకు ముందు రికార్డు చేసిన వేరే పాటలు ఉన్నాయి కదా, ఊపిరి ఎలా నిలపాలో ఫోనులో వినిపించమన్నాను. "ఫోను వింటే వరుస వస్తుందండీ. ఊపిరి మనిషిని చూసే నేర్చుకుంటారు" అంది. అరచెయ్యి ఎడమనుంచి కుడికి మెల్లగా జరుపుతూ, చెయ్యి ఆగేదాకా గొంతు ఆగకూడదని చెప్పింది. అయినా ఆ చోటుకి వచ్చేసరికి ఆమె ఛాతీ ఎగిరేది. పిల్లలు చెయ్యి మానేసి ఛాతీ చూసేవాళ్ళు, ఆగేవాళ్ళు. రెండు మూడు రోజులు చూసి కుర్చీ వెనక్కి తిప్పుకుంది. పిల్లలకు వీపు పెట్టి, కిటికీవైపు చూస్తూ, చెయ్యి ఒక్కటే పైకెత్తి జరిపేది. నేను సిలిండరు పక్కన ఎదురుగా నిలబడేవాణ్ణి కనుక ఆమె మొహం నాకొక్కడికే కనిపించేది. ఆ మొహం గురించి రాయను.

కుర్చీలో కూర్చోలేని రోజు వచ్చాక చింతలపూడి అమ్మాయి ఆ పాట నేర్పే తీరు ఆమె దగ్గరే నేర్చుకుని, ఆ బడిలో ఆమె బదులు చేరింది. మా ఆవిడను ఏలూరు ఆసుపత్రిలో చేర్చాం. మాట్లాడితే ఆయాసం, అందుకని ఒక్కో మాటే అనేది. ఒకరోజు నన్ను బడికి వెళ్ళి విని రమ్మంది. వెళ్ళి విని వచ్చాను.

"ఆగారా?" అంది.

మా ఇద్దరికీ ఒకరికొకరు అబద్ధం చెప్పుకునే అలవాటు లేదు. చెరువు పోతుందని తెలిసినా రైతుకు ఉన్నదున్నట్టు చెప్పే పని నాది. "చాలామంది ఆగలేదు. ముగ్గురు నలుగురు ఆగారు" అన్నాను.

కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. కళ్ళు తెరవకుండానే, "మళ్ళీ వెళ్ళండి" అంది.

నేను మళ్ళీ వెళ్ళేలోపే ఆమె పోయింది. తెలుసుకోకుండానే పోయింది.

పదిహేను రోజుల తరవాత బడిలో సంతాపసభ పెట్టారు. హెడ్మిస్ట్రెస్ గారు ప్రార్థన చేశారు, నాలుగు మంచి మాటలు చెప్పారు. తరవాత టీచరు గారి పాట అన్నారు. చింతలపూడి అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "బావగారూ, ముందుకు వచ్చి కూర్చోండి" అంది. వెనక బెంచీ చాలన్నాను. ఆ పిల్ల వెళ్ళి పిల్లలకు వీపు పెట్టి, కిటికీవైపు తిరిగి, చెయ్యి ఎత్తింది. ఆ పిల్లకు ఏ జబ్బూ లేదు. అలా తిరగాల్సిన అవసరమూ లేదు. అక్క అలాగే నేర్పింది గనక తిరిగింది.

కిటికీ అవతల చెరువులు, వాటి అవతల కొల్లేరు. పిల్లలు మొదలుపెట్టారు. ఆ పాట నాకూ వచ్చేసింది. ఎవరికీ వినబడకుండా వాళ్ళతోపాటు నేనూ అంటున్నాను. మొదటి పాదం, రెండో పాదం. మూడోది వచ్చింది. నీటి అంచు నుండి నింగి అంచు దాకా. ఆ పిల్ల చెయ్యి మెల్లగా కుడివైపుకి జరుగుతోంది. ఒక్కరూ ఆగలేదు. ఒక్క భుజమూ ఎగరలేదు. మాట ఎక్కడా తెగకుండా వాళ్ళంతా ఆ చెయ్యి వెంట పైకి వెళ్ళిపోయారు. నేను "పరచు" దగ్గర ఆగి ఊపిరి తీసుకుని, వెనకబడిపోయాను.