ఓకే కొట్టే సారు

గోదావరిఖనిలో నేను పనిచేసిన ఎక్స్‌రే సెంటర్‌కు ఒక కంప్యూటర్ సారు వచ్చేవాడు. తెర మీద ఏ మెసేజ్ వచ్చినా చదివేవాడు కాదు, టక్కున ఓకే కొట్టేసేవాడు. మా పాత ఎక్స్‌రే సాఫ్ట్‌వేర్ వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపలే ఉండే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌లో నడిచేది. ఆయన కొత్త విండోస్ వేసిన మర్నాడే అది ఆగిపోయింది. బయట బెంచీ మీద ఒక గని కార్మికుడు దగ్గుతూ కూర్చున్నాడు.

"మెసేజ్ ఒక్కసారి చదువుండ్రి సార్," అన్నాను.

"గవన్నీ గట్లనే వస్తయమ్మా," అని మళ్లీ ఓకే కొట్టాడు.

మధ్యాహ్నందాకా అదే తంతు. చివరికి ఆయన వేలు పడకముందే మెసేజ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి చదివి వినిపించాను. అప్‌గ్రేడ్‌లో ఆ ఉత్తుత్తి కంప్యూటర్‌కు ఎక్స్‌రే మిషన్‌ను వాడుకునే అనుమతి పోయిందట, సెట్టింగ్స్‌లో మళ్లీ ఇవ్వాలట.

"నేను గదే చెప్పబోతున్న," అంటూ టిక్కు పెట్టాడు. మిషన్ పనిచేసింది.

బెంచీ మీది కార్మికుడి ఫిల్మ్ రాగానే ఆ మహానుభావుడు దాన్ని ట్యూబ్‌లైటు వైపు ఎత్తి ఒక్క చూపు చూశాడు.

"మంచిగున్నది కాకా, ఫికర్ లేదు."

కాక ఆయనకు దండం పెట్టి, పక్కగదిలోని డాక్టరుకు చూపించకుండానే ఆటో ఎక్కబోయాడు. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"సారు చెప్పిండు గద బిడ్డా!"

"ఆ సారు ఏదీ చదవడు కాకా, నడువు."

డాక్టరు ఆ ఫిల్మ్‌ను చాలాసేపు చూసి, కాకను కూర్చోమన్నాడు.