ముసలి బాంబర్ దిగిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున అమీర్‌పేటలో మా మేడమీద బట్టలు ఆరేస్తున్నాను. బేగంపేటలో దిగబోయే విమానమొకటి నెత్తిమీదుగా పోయింది. రోజూ ఎన్నో పోతాయి, ఎవరు తలెత్తి చూస్తారు! అంతలో మా నాన్న చెప్పుల్లేకుండా మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు. అరవై దాటిన మనిషి.

"కాన్‌బెర్రా బిడ్డా, అగో!" అన్నాడు.

నాన్న ఎయిర్‌ఫోర్స్‌లో కాన్‌బెర్రా అనే ఆ బాంబర్లకు పాతికేళ్ళు మెకానిక్‌గా చేసి, ఆరేళ్ళ కిందట రిటైరయ్యాడు. పని ముగిశాక పనిముట్లన్నీ లెక్కపెట్టి సంతకం చెయ్యడం అక్కడి పద్ధతి. ఒక్క స్క్రూడ్రైవర్ విమానంలో ఉండిపోయినా లోపలివాళ్ళ ప్రాణాలు పోవచ్చు. ఆఖరి రోజున దండలు, మిఠాయిల హడావుడిలో నాన్న లెక్కపెట్టకుండానే సంతకం పెట్టేశాడు. మర్నాడు గుర్తొచ్చి ఉత్తరం రాస్తే, అన్నీ ఉన్నాయని జవాబొచ్చింది. నమ్మితేనా! ఎక్కడ విమానం కూలిందని పేపర్లో వచ్చినా ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు. పంజాగుట్టలో మిక్సీలు బాగుచేసే కొట్లో చేరాక, ప్రతి మిక్సీకీ మూడుసార్లు పనిముట్లు లెక్కపెట్టేవాడు. కొట్టు భాయ్ నవ్వీ నవ్వీ విసిగిపోయాడు. ఆ పాత డబ్బా విమానం ఎప్పుడో తుక్కయి ఉంటుందని నేను కసిరేదాన్ని.

ఆ మధ్యాహ్నం బేగంపేటలో విమానాలు జనానికి చూపిస్తారని పేపర్లో పడింది. నాన్నను మోపెడ్ వెనక ఎక్కించుకుని పోయాను. తోకమీద నంబరు చూసి ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఆఖరి రోజున లెక్క చూడకుండా సంతకం పెట్టిన విమానం అదే! నేను పుట్టిన ఏడు మన దేశానికొచ్చిందట. నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు, అదింకా ఎగురుతోంది! నాకు కేక పెట్టాలనిపించింది.

జనం దాటకుండా కట్టిన తాడు దగ్గర నిలబడ్డ కుర్ర మెకానిక్‌కు నాన్న ఉన్నదంతా చెప్పేశాడు. ఈ ఆరేళ్ళలో దీన్ని రెండుసార్లు పూర్తిగా విప్పి బిగించారనీ, లోపల ఏమీ దొరకలేదనీ అతను హిందీలో చెప్పాడు. హమ్మయ్య అనుకున్నాను. నాన్న కదిలితేనా!

"ఆల్లు చూసిండ్రు. నేను చూడలె," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అంతమందిలో ఈ చాదస్తమేమిటని గొణిగాను. ఆ మెకానిక్ మాత్రం నవ్వలేదు. ఆఫీసరును అడిగొచ్చి, నాన్న జేబులోని పెన్ను, దువ్వెన, తాళంచెవి తీయించాడు. మూడు అని లెక్కచెప్పి నా చేతిలో పెట్టాడు. నాన్నకు అదెంత నచ్చిందో! అప్పుడు టార్చి ఇచ్చి తాడు ఎత్తాడు.

చక్రాలు ముడుచుకునే గూట్లోనే నాన్న ఆఖరిసారి పని చేసింది. అందులోకి నడుం దాకా దూరాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. చూడ్డానికొచ్చిన పిల్లలు తాత విమానం రిపేరు చేస్తున్నాడని ఒకటే గోల. ఒక పక్క నవ్వొస్తోంది, ఇంకో పక్క ఏమైనా దొరికితే ఈయన ఏమైపోతాడోనని భయమేస్తోంది.

అరగంటకు బయటికొచ్చాడు. మొహమంతా నల్లటి గ్రీజు. టార్చి తిరిగిచ్చి, లెక్క చూసుకొమ్మని మెకానిక్‌కు మరీ మరీ చెప్పాడు. తర్వాత నావైపు తిరిగి, చిన్నపిల్లాడిలా పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

"ఏం లేదు బిడ్డా. ఆరేండ్ల సంది నేను గూడ దాంతోని గాల్లనే ఉన్న. గిప్పుడు దిగిన."