మా మనవడికి నేను పంపిన ప్రశ్న

మా మనవడు ఆడిన జట్టు జెర్సీతో ఇంట్లో నేల తుడుస్తున్నానని ఇంటర్నెట్‌లో రాసినవాడు అబద్ధాలకోరు. ఆ గుడ్డ నీళ్ళు పీల్చదు. మా మనవడు తనది పారేయబోతే నేను లాక్కుని, చింపి, వంటగదిలో వాడి చూశాను. నీళ్ళను ఇటునుంచి అటు నెట్టడం తప్ప దానికేమీ చేతకాదు. చివరికి దిండు గలీబు కుట్టాను.

“నా దగ్గరున్నది అరిగిపోయింది, ఇంకో జెర్సీ పంపుతావా?” అన్నది వాడు మా మనవణ్ణి అడగమన్న ప్రశ్న. అలాంటివి చాలా వచ్చాయి. ఈ పరాయి దేశంలో, స్కార్‌బరోలో మా వంటగది బల్ల దగ్గర కూర్చుని మా అమ్మాయి ఒక్కొక్కటీ టాబ్లెట్‌లో చదివి తెలుగులో చెబుతుంటే, నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నాను.

మనవడంటే మా అమ్మాయి కొడుకు. యూనివర్సిటీలో చదివేటప్పుడు ఫుట్‌బాల్ ఆడేవాడు. కాలితో తన్నే ఆట కాదు. రెండు కొసలూ మొనదేలిన బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తితే అవతలివాళ్ళు మీదపడి తొక్కే ఆట. సెలవలకు వచ్చినప్పుడల్లా ఒళ్ళు కమిలి ఉండేది. నాకు ఆ ఆట అప్పుడూ గిట్టలేదు, ఇప్పుడూ గిట్టదు. చదువయ్యాక ఏదో ఆఫీసులో చేరాడు కానీ మనసు అక్కడ లేదు. ఆరేళ్ళ తర్వాత ఆ పాత జట్టులోనే అసిస్టెంట్ కోచ్ పనికి అప్లై చేశాడు. ఆ జట్టు అభిమానులు ఇంటర్నెట్‌లో ఒక కార్యక్రమం నడుపుతారు. పాత ఆటగాళ్ళను పిలిచి మాట్లాడిస్తారు. వీణ్ణీ పిలిచారు. ఏమడగాలో మీరే చెప్పండని జనాన్ని అడిగారు.

జనానికి ఆ మాట చాలు. భయపడి పారిపోయావా? అవతలి జట్టువాళ్ళు నీకేమిచ్చారు? తాగి పడుకున్నావా? ఏ మొహం పెట్టుకుని మళ్ళీ మా గడ్డ మీదికి వస్తున్నావు? అన్నీ ఒక్క శనివారం గురించే. వాడి ఆఖరి ఏడాది ఫైనల్ మ్యాచ్‌కి వాడు రాలేదు. జట్టు ఓడిపోయింది. ఇంట్లో పని పడిందని కోచ్‌తో అన్నాడు, ఆ తర్వాత ఎవరెన్ని అన్నా ఇంకో మాట చెప్పలేదు.

ఆ ఇంట్లో పని పెట్టింది నేనే.

మా ఆయన పోయింది కార్తీక బహుళ తదియ నాడు. మాకు మగపిల్లలు లేరు, అమ్మాయి ఒక్కతే. కాబట్టి తద్దినం మనవడే పెట్టాలి. తిథి చూసేది నేను. ఎటోబికో గుడిలో ఇక్కడి పంచాంగంతో క్యాలెండర్ అమ్ముతారు. బంగారం కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చేది ఇండియా నుంచి వచ్చేవాళ్ళ చేత తెప్పించుకుంటుంటే, ఇంకొకటి కొనడం దండగనుకున్నాను. పంతులుగారినీ పిలిచేదాన్ని కాదు. మొదటి ఏడాది మా ఊరి పురోహితుడు చెప్పిన మంత్రాలు ఫోన్‌లో పట్టి ఉంచాను, ఏటా అవే పెట్టేదాన్ని. ఆ మంత్రాల్లో మేమింకా కృష్ణ ఒడ్డునే ఉన్నాం.

ఆ ఏడాది క్యాలెండర్‌లో తదియ శనివారం పడింది. మనవడు ఫోన్ చేసి, “సండే పెట్టుకుంటే కుదరదా అమ్మమ్మా? శాటర్‌డే ఫైనల్” అన్నాడు.

“మీ తాతయ్య నీ ఫైనల్ చూసుకుని పోయాడా?” అన్నాను.

శనివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. తడిబట్టతో కూర్చుని చెప్పినవన్నీ చేశాడు. భోజనం చేస్తూ గడియారం వైపు ఒక్కసారి చూశాడు. ఆట మొదలయ్యే వేళ అన్నమాట. ఈ సంగతి బయట చెప్పకు, నవ్వుతారు అని నేనే అన్నాను. చెప్పను, తాతయ్య మీద జోకులు వేస్తారు అన్నాడు.

నెల తిరక్కుండా గుడికి వెళ్ళినప్పుడు గోడమీద వాళ్ళ క్యాలెండర్ చూశాను. నేను నాలుగో తరగతి దాటలేదు కానీ తిథి చదవగలను. తదియ శుక్రవారం గడిలో ఉంది. పంతులుగారిని అడిగితే, “అక్కడి తిథి ఇక్కడికి నడవదండీ అమ్మగారూ. శనివారం ఇక్కడ తెల్లారేసరికే తదియ వెళ్ళిపోయింది. మీరు శుక్రవారం పెట్టుకోవాల్సింది” అన్నారు.

ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. పోయిన ఆట రాదు, పోయిన తిథీ రాదు, చెప్పి ఏం లాభం అనుకున్నాను. అది పైకి చెప్పుకున్న సాకు. తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. మరుసటి ఏడాది నుంచి గుడి క్యాలెండరే కొన్నాను. ఎందుకని అమ్మాయి అడిగితే, పాతదాంట్లో అక్షరాలు ఆనడం లేదన్నాను.

ప్రశ్నలన్నీ చదివి అమ్మాయి టాబ్లెట్ బోర్లా పెట్టింది. “వీళ్ళు వాణ్ణి అక్కడ అడుగు పెట్టనివ్వరమ్మా” అంది.

చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి, నాదీ ఒక ప్రశ్న ఉంది, రాయమన్నాను. వేళాకోళం అనుకుంది. నేను చెప్పాను: “ఆ శనివారం నువ్వు తాతయ్య తద్దినం పెట్టడానికి ఇంటికి వచ్చావు. అసలు తిథి శుక్రవారం. తప్పు చూసింది మీ అమ్మమ్మ. ఆ సంగతి ఆవిడ నీకెప్పుడైనా చెప్పిందా?”

అమ్మాయి వేళ్ళు ఆగిపోయాయి. నిజమా అని అడిగింది. నిజం కాకపోతే రాయమంటానా అన్నాను.

“ముందు వాడికి ఫోన్ చేసి చెప్పు.”

“మరక ఎక్కడ పడిందో అక్కడే ఉతకాలి. రాయి.”

“నీ పట్టుదల తగలెయ్య. ఆరేళ్ళు వాణ్ణి అందరూ తిడుతుంటే నువ్వు ఈనెలు తీస్తూ కూర్చున్నావు” అంది. నా వైపు చూడకుండా రాసి పంపింది. ఆ పూట చిక్కుడుకాయ కూర నేనొక్కదాన్నే తిన్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఆ కార్యక్రమం టీవీలో పెట్టుకుని చూశాం. నడిపేవాడు టోపీ తిరగేసి పెట్టుకున్న మనిషి. ఒక్కో ప్రశ్నా చదువుతూ తనే నవ్వుతున్నాడు. మా వాడు చేతులు బల్లమీద పెట్టుకుని, ప్రతిదానికీ ఇంట్లో పని అనే చెబుతున్నాడు. అప్పుడా మనిషి ఇది మీ అమ్మమ్మ పంపిందట అని నాది చదివాడు. తిథి అన్న మాట దగ్గర తడబడి, నాలుగు రకాలుగా పలికాడు.

మా వాడు నవ్వలేదు. “లేదు, చెప్పలేదు” అన్నాడు. తర్వాతి ప్రశ్న చదవమన్నాడు.

కింద జనం రాతలు పరుగెత్తాయి. కొత్త సాకు దొరికిందని ఒకడు. క్యాలెండర్ చూడటం రాని ఇంటివాడు కుర్రాళ్ళకు ఆటేం నేర్పుతాడని ఇంకొకడు. ఆ ముసలమ్మకే కోచ్ పని ఇవ్వండి, కాకపోతే ఫైనల్ ఎప్పుడో వేరేవాళ్ళను చూడమనండి అని మరొకడు. ఒకరిద్దరు మాత్రం ఇన్నాళ్ళూ తెలియక తిట్టామని రాశారట. అమ్మాయి వాటిని రెండుసార్లు చదివింది. నాకు వాళ్ళ క్షమాపణలతో పనిలేదు. తెలియనప్పుడు నోరు మూసుకోవాల్సింది.

సాయంత్రం ఫోన్ వచ్చింది. మామూలుగా మా మనవడు నేను తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో బదులిస్తాడు. ఆ రోజు మొత్తం తెలుగులోనే మాట్లాడాడు, నాకు ఒక్క ముక్కైనా అర్థం కాకుండా పోకూడదని.

“డేట్ తప్పు చూశావని కాదు అమ్మమ్మా. తాతయ్య మీద జోకులు వేయకూడదనే ఆరేళ్ళు తిట్లు తిన్నాను. నువ్వు ఆయన్ని తీసుకెళ్ళి వాళ్ళ మధ్యలో పడేశావు.”

“నీ పేరు నిలబడాలని చేశాను.”

“నిన్ను అడిగానా?” అని పెట్టేశాడు.

ఎండాకాలం మొదట్లో ఆ పని వాడికే ఇచ్చారని అమ్మాయి చెప్పింది. నా ప్రశ్న వల్లే ఇచ్చారో, నా ప్రశ్న వచ్చినా ఇచ్చారో నేను అడగలేదు. వాడూ ఫోన్ చేయలేదు.

కార్తీకంలో ఒక గురువారం చెప్పాపెట్టకుండా కారులో వచ్చాడు. పక్కన ఎటోబికో పంతులుగారు. నేను అలవాటు కొద్దీ మంత్రాలు పెట్టడానికి ఫోన్ తీశాను.

“అది లోపల పెట్టు.”

“తిథి ఇవాళేనా?” అన్నాను.

“నేను చూశాను” అన్నాడు.

పంతులుగారు ఈ ఊరి పేరు చెప్పి సంకల్పం చేయించారు. వాడు అంతా శ్రద్ధగా చేశాడు. భోజనానికి కూర్చుని, వడ్డించింది తిన్నాడు, మారు అడగలేదు. శనివారం మ్యాచ్ ఉందని తల్లితో చెప్పి, నాకు చెప్పకుండా చెప్పులేసుకున్నాడు.

కారు కదిలాక గోడ దగ్గరికి వెళ్ళి క్యాలెండర్ చూశాను. గురువారమే.