సౌందర్య దించిన ఇల్లు

గడప పగలగొట్టిన రోజే అత్తాకోడళ్లకు మాటలు బందయ్యాయి.

వనపర్తి నుంచి పెబ్బేరు పోయే తొవ్వలో, రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే వచ్చే ఊళ్లో, చర్చి వెనక వాడలో సౌందర్య ఇల్లు. రెండర్రల స్లాబు ఇల్లు. ముందరి దర్వాజకున్న గడపను ఆమె సుత్తె, ఉలి పట్టుకొని తన చేతులతోనే కొట్టేసింది. అత్త భాగ్యమ్మ అరుగు మీద కూర్చొని అదంతా చూసింది. ఆదివారం చర్చి తప్పని మనిషే గానీ, గడప లేని ఇల్లంటే ఆమెకూ దడుపే. మొగుడు దవాఖానలో ఉండగా ఇంటి గడప పీకే ఆడదాన్ని తానెక్కడా చూడలేదంటూ లేచి వెళ్లిపోయింది.

సౌందర్య భర్త ఇమ్మానుయేల్ తొందర్లోనే ఇంటికి వస్తున్నాడు. చక్రాల కుర్చీలో వస్తున్నాడు. ఆ కుర్చీ గడప ఎక్కదు.

పెండ్లయినప్పటి నుంచి ఇమ్మానుయేల్‌ది పుణెలో సెంట్రింగ్ పని. వానాకాలం ఊళ్లో, తక్కిన కాలమంతా అక్కడ. బిడ్డ రెబెకా గురుకులంలో చేరేదాకా సౌందర్య కూడా ఆయన వెంట పోయి ఇటుకలు మోసింది, ఇసుక మోసింది. పోయిన ఎండాకాలం రెండో స్లాబుకు కర్రలు కడుతుండగా ఆయన కాలు జారింది. నడుము ఎముక దెబ్బతిన్నది. పుణెలో కొన్నాళ్లు, తర్వాత పట్నంలో కొన్ని నెలలు దవాఖానలోనే గడిచిపోయాయి. ఇంటికి పంపే మాట వచ్చినప్పుడు డాక్టరు సౌందర్యను వరండాలోకి పిలిచాడు. కాళ్లలో బలం తిరిగి వస్తుందన్న ఆశ చాలా తక్కువనీ, ఇంటిని ఆయనకు తగ్గట్టు మార్చుకొమ్మనీ చెప్పాడు. లోపలికి వచ్చి ఇమ్మానుయేల్‌తో మాత్రం, కసరత్తు మానొద్దు, చూద్దాం అన్నాడు. ఇమ్మానుయేల్ ఆ చూద్దామన్న మాటను గట్టిగా పట్టుకున్నాడు. సౌందర్య తాను విన్నదాన్ని మింగేసింది. మరిదిని ఆయనకు తోడుంచి, తాను ముందుగా ఊరికి వచ్చింది.

ఆమె చేతిలో మొదటి నుంచీ ఒక గుణం ఉంది. ఎక్కడ బతికితే అక్కడ నాలుగు గోడలను ఇల్లు చేసేది. పుణెలో రేకుల షెడ్డులో ఉన్నప్పుడు సిమెంటు సంచులు ఉతికి పరదాలు కుట్టేది. మేస్త్రీల పెండ్లాలు వచ్చి చూసిపోయేవాళ్లు. ఇప్పుడా గుణానికి పెద్ద పనే పడింది. కూర్చున్న మనిషికి ఏది అందదో అదంతా కిందికి దించాలనుకుంది. కరెంటు పనివాణ్ని పిలిచి స్విచ్చులు దింపించింది. దర్వాజ గొళ్ళెం దింపించింది. సజ్జ మీద ఏళ్ల నుంచి ఉన్న డబ్బాలు, సంచులు, పనిముట్లు అన్నీ దించి, గోడ వారగా వేసిన ఇనుప ర్యాకు కింది అరల్లో సర్దింది.

ఆ ర్యాకు వనపర్తిలో నర్సింహులు పాత సామాన్ల దుకాణంలో దొరికింది. మూతబడిన బడులవి, హోటళ్లవి, అమ్ముకొని పోయినవాళ్లవి, అన్నీ అక్కడికి చేరతాయి. ఒక లాడ్జిలో నుంచి వచ్చిన దివాన్ కూడా అక్కడే కనబడింది. మోకాటికి కిందే ఉంటుంది, పడ్డా దెబ్బ తగలదు. కానీ అది పెట్టడానికి ఇంట్లో జాగా లేదు. జాగానంతా ఇమ్మానుయేల్ పట్టెమంచం తినేసింది. పుణెలో మొదటి ఏడు పనిచేసి వచ్చినప్పుడు ఆయన చేయించుకున్న టేకు మంచం అది. ఎత్తుగా ఉంటుంది, ఎక్కాలంటే సౌందర్యే కాలు ఎత్తి వేయాలి. ఆమె రెండు రోజులు ఆలోచించి, మంచం ఇచ్చి దివాన్ తెచ్చుకుంది. బడిలో టీచరు వాడిన బల్ల ఒకటి తెచ్చి, దాని కాళ్లు పొట్టిగా కోయించింది.

తర్వాత చేతిపని మొదలైంది. గోడల కింది సగానికి ఎర్రమట్టి జాజు పూసింది, చక్రాలు తగిలిన మరకలు కనబడొద్దని. పైన సున్నం వేసి, రెంటికీ నడుమ తెల్ల చుక్కల వరుస దిద్దింది. పాత చీరలతో పరదాలు కుట్టి, దుమ్ము రాకుండా వెనక కిటికీ పరదాకు నాలుగు మూలలా మొలలు కొట్టింది. ఆయన పాత అంగీలు, తన చీరలు కలిపి బొంత కుట్టింది. పెబ్బేరు సంతలో లావు తాడు కొని, దివాన్ పైన స్లాబు కొక్కేనికి కట్టింది. పట్టుకొని లేవడానికి వీలుగా కింద ముడి వేసింది. అంతా అయ్యాక అర్ర నడుమ నిలబడి చూసుకుంటే, ఇల్లు ఎవరో కొత్తవాళ్లది అన్నట్టుంది. ఆమెకు చాన్నాళ్ల తర్వాత కొంచెం నిమ్మళంగా అనిపించింది.

ఆ నిమ్మళం ఇమ్మానుయేల్ లోపలికి వచ్చేదాకే. తమ్ముడు కుర్చీని నెట్టుకొస్తుంటే, దర్వాజ దాటేటప్పుడు ఆయన కిందికి చూశాడు. గడప ఉండాల్సిన చోట సిమెంటు నున్నగా ఉంది. స్విచ్చులు చూశాడు, గొళ్ళెం చూశాడు, పొట్టి బల్ల చూశాడు. తాడు దగ్గర చూపు ఆగింది. అది సంతలో ఎడ్లకు కొనే తాడని ఆయనకు చెప్పాల్సిన పని లేదు. బొంత మీద చెయ్యి వేసి, నీలిగళ్ల ముక్క దగ్గర వేలు ఆపాడు. అది ఆయన పనికి తొడుక్కొనే అంగీ.

"నా మంచమేది?" అన్నాడు.

దివానుకు మార్చుకున్నానని సౌందర్య చెప్పింది. తమ్ముడు సంచి తీసుకొని మెల్లగా బయటికి జారుకున్నాడు.

"నేను లేవనని నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పలే" అంది సౌందర్య. అంటుంటేనే తన మాట తనకే బోలుగా వినబడింది.

ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఇంకేమీ అడగలేదు. ఆ అడగకపోవడమే ఆమెకు కష్టమైంది.

ఆ రోజు నుంచి ఆయన దివాన్ మీద పడుకోలేదు. ఎంత బతిమాలినా కుర్చీలోనే, గోడకు తల ఆనించి కునికేవాడు. తాడు ముట్టలేదు. బల్ల మీద అన్నం పెడితే పళ్లెం ఒళ్లో పెట్టుకొని తినేవాడు. ఒకేచోట అదేపనిగా కూర్చుంటే నడుము కింద పుండ్లు పడతాయనీ, పడితే మానడం కష్టమనీ దవాఖానలో నర్సులు సౌందర్యకు మరీ మరీ చెప్పి పంపారు. ఆమె పక్కకు ఒత్తిగిలమంటే ఆయన పలికేవాడు కాదు. బట్టలు మార్చేటప్పుడు తొడల వెనక చర్మం ఎర్రగా కంది కనబడింది. ఆ ఎరుపు ఏ రోజుకారోజు పెరుగుతోంది.

భాగ్యమ్మ మౌనం వదిలి కోడలితో మాట్లాడింది.

"వాని మంచం వానికి తెచ్చియ్యి బిడ్డా. మంచం కాదు వాడు అడిగేది, నీకు తెల్వదా" అంది.

తెలుసు. అయినా అడిగినదాన్ని ఇవ్వడం తప్ప సౌందర్యకు వేరే దారి తోచలేదు. పొద్దున్నే వండిపెట్టి, అత్తను ఇంటి దగ్గర ఉండమని చెప్పి, ఆటోలో వనపర్తి పోయింది. నర్సింహులు ఆమెను చూడగానే కుర్చీ వేశాడు. మంచం మాట ఎత్తగానే నెత్తి గోక్కున్నాడు. అలంపూర్ వాళ్లెవరో వచ్చి, పెండ్లికని కొనుక్కొని ట్రాలీలో వేసుకుపోయారట. వాళ్ల నంబరు కూడా లేదట. అంత ఎత్తు మంచమే కావాలంటే ఇంకొకటి చూస్తానన్నాడు. ఇంకొకటి ఎందుకు పనికిరాదో ఆయనకు చెప్పలేక, సౌందర్య దండం పెట్టి వచ్చేసింది. తిరుగు ఆటోలో, ఇంటికి పోయి ఏమని చెప్పాలా అని మాటలు వెతుక్కుంటూనే ఉంది.

చర్చి ముందర దిగేసరికి భాగ్యమ్మ మెట్ల మీద కూర్చొని ఉంది. ఇంటి దగ్గర ఉండకుండా ఇక్కడేంటని అడిగితే, కొడుకే పంపాడంది. సాయంత్రం ఇంట్లో ప్రార్థన పెట్టుకుందాం, పాస్టరయ్య వచ్చేదాకా కూర్చొని వెంటబెట్టుకొని రా అన్నాడట. చెప్తుంటే ముసలామె ముఖం సంతోషంగా ఉంది.

దెబ్బ తగిలినప్పటి నుంచి ఇమ్మానుయేల్ ఒక్కనాడూ ప్రార్థన కోరలేదు. దవాఖానలో ఎవరైనా మోకరిస్తే ముఖం గోడకు తిప్పుకొనేవాడు.

సౌందర్య ఇంటికి గబగబా నడిచింది. సగం దూరం పోయాక ర్యాకు గుర్తొచ్చింది. సజ్జ మీద నుంచి దించిన డబ్బాల్లో పత్తిచేనుకు కొట్టే గడ్డిమందు డబ్బా ఉంది. దాన్ని తన చేతులతోనే కింది అరలో పెట్టింది. ఇక నడవలేదు, ఉరికింది.

దర్వాజ మూసి ఉంది. నెడితే రాలేదు. లోపలి నుంచి గొళ్ళెం పడి ఉంది.

"రెబెకా నాయినా" అని పిలిచింది. పలకలేదు. తలుపు మీద అరచేత్తో కొట్టింది. లోపల ఏదో నేల మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు వినబడింది. ఆగింది. మళ్లీ వినబడింది. తర్వాత ఇనుము నేలకు తగిలి పెద్ద శబ్దమైంది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఇంటి వెనక్కి ఉరికింది. కిటికీ తెరిచే ఉంది గానీ, పరదా నాలుగు మూలలా బిగిసి ఉంది. ఊచల నడుమ చెయ్యి దూర్చి లాగితే రాలేదు. మొలలు అంత గట్టిగా కొట్టింది తానే. గోడకు ఆనించి ఉన్న కట్టె తీసుకొని గుడ్డలోకి పొడిచి చింపింది.

కుర్చీ ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. ఇమ్మానుయేల్ దివాన్ పక్కన నేల మీద బోర్లా ఉన్నాడు. ఆయన చుట్టూ నేలంతా తడి. అది నీళ్లో, మందో ఆమెకు తెలియలేదు. ఊచలకు ముఖం ఆనించి గట్టిగా వాసన పీల్చింది. గడ్డిమందు వాసన రాలేదు. అప్పుడాయన వీపు ఎగసిపడడం కనబడింది. రొప్పుతున్నాడు.

"ఆ డబ్బా యాడుంది?" అంది.

ఆయన తల తిప్పి కిటికీ వైపు చూశాడు. ఏ డబ్బా అన్నట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. ర్యాకు వైపు కళ్లు తిప్పాడు. డబ్బా పెట్టిన చోటే ఉంది.

"దాన్ని చూసిన" అన్నాడు కొంచెం ఆగి. "వచ్చిన నాడే చూసిన. అందుతది. నువ్వే అందేటట్టు పెట్టినవ్ గదా."

సౌందర్య ఊచలు పట్టుకొని అలాగే నిలబడింది.

"ముందుగాల దాన్ని తీసి అవతల పారేయ్. నేను గొళ్ళెం తీస్త, అటు రా" అన్నాడు.

దర్వాజ ముందు నిలబడి ఆమె విన్నది. మోచేతులు నేలకు ఆనిస్తూ, కాళ్లు ఈడ్చుకుంటూ ఆయన వస్తున్న చప్పుడు. ఆగి ఊపిరి తీసుకోవడం, మళ్లీ కదలడం. రెండు అర్రల ఇల్లు ఎంత పొడుగు ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. గొళ్ళెం తీసిన చప్పుడైంది. ఆమె లోపలికి పోయి, ఆయన్ను ముట్టకుండానే ర్యాకు దగ్గరికి పోయి, డబ్బా తీసుకొని వాడ చివరి పెంటకుప్ప దాకా నడిచి పూడ్చి వచ్చింది. వచ్చాకే ఆయన పక్కన కూలబడింది.

అప్పుడు చూసింది. నీళ్ల బిందెల కింద పెట్టిన ఇటుకలు నాలుగు దివాన్ కాళ్ల దగ్గర ఉన్నాయి. బిందె ఒకటి దొర్లి ఉంది. తడి ఆ నీళ్లదే. తల్లిని ఆయన బయటికి పంపింది పాకుతూ చేసే ఈ పని ఆమె కంట పడొద్దనే.

"దివాన్ మీదికి దిగొచ్చు. కుర్చీల మల్ల ఎక్కరాదు" అన్నాడు ఇమ్మానుయేల్. "నువ్వు లేనప్పుడు రెండుసార్లు దిగి చూసిన, మల్ల ఎక్కేసరికి పానం మీదికొచ్చింది. మనిషి కిందికి జారుతడు, పైకి ఎట్లొస్తడు? కుర్చీ ఎంతెత్తు ఉంటే మంచం గంతెత్తు ఉండాలె. నువ్వు అడగలే. నేను చెప్పలే."

ఇద్దరూ కలిసి దివాన్ లేపారు. ఆమె భుజం కింద పెట్టి ఎత్తితే, ఆయన నేల మీద నుంచే ఇటుక జరిపాడు. ఒక కాలు కింద ఇటుక కదులుతుంటే, దాన్ని తీయించి అడ్డంగా తిప్పించాడు. తర్వాత ఆమె కుర్చీని నిలబెట్టి, ఆయన్ను చంకల కింద పట్టి ఎక్కించింది. కుర్చీలో నుంచి మంచం మీదికి జరగడం మొదటిసారి కుదరలేదు. రెండోసారి తాడు పట్టుకొని జరిగాడు. ఇంటికొచ్చాక ఇన్నాళ్లకు బొంత మీద వెల్లకిలా పడుకొని, స్లాబు వైపు చూస్తూ అడిగాడు.

"డాక్టరు నీతోని ఏం జెప్పిండు? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

సౌందర్య చెప్పింది. వరండాలో విన్న మాటలు ఒక్కటీ తగ్గించకుండా చెప్పింది. ఆయన కళ్ల మీద చెయ్యి వేసుకున్నాడు. ఆమె ఆ చెయ్యి తీయడానికి ప్రయత్నించలేదు. పాస్టరయ్యతో భాగ్యమ్మ వచ్చేసరికి అలాగే ఉన్నారు. ప్రార్థన అయ్యేదాకా ఇమ్మానుయేల్ ముఖం గోడకు తిప్పుకోలేదు.

అంతటితో అన్నీ చక్కబడలేదు. ఒకనాడు ఆయన అన్నం పళ్లెం విసిరికొట్టాడు. కసరత్తు మాత్రం మానలేదు. చర్మం మీది ఎరుపు మెల్లగా తగ్గింది. ఒక పొద్దున, పొట్టి బల్ల కిందికి మోకాళ్లు పోవడం లేదని, ఎత్తు బల్ల కావాలని, తాను చూడంది ఏదీ తేవొద్దని చెప్పి ఆటో పిలిపించుకున్నాడు.

నర్సింహులు ఎదురొచ్చి అయ్యో అనబోతే, కొలిచే టేపు ఉంటే ఇయ్యమన్నాడు. ఒక్కో బల్ల ముందరికీ కుర్చీ జరిపించుకొని, కింద మోకాళ్లు పెట్టి చూశాడు. చివరికి ఒకటి నచ్చింది, ఎవరో దర్జీ వాడినది, పైన కత్తెర గాట్లతో నిండి ఉంది. దాన్ని ఆటో పైన కట్టారు. జాజు గోడ పక్కన పెట్టే బల్లకు పచ్చరంగు వేస్తే బాగుంటుందని సౌందర్య అంది. టేకు మీద రంగు పూస్తారా ఎవరైనా అని ఆయన అన్నాడు. అది టేకు కాదని ఆమె అంది. ఊరు వచ్చేదాకా ఇద్దరిదీ అదే తగువు.