టేపు మాస్టారి సీసా

మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుండేది కనక వీధంతా ఆయన్ని టేపు మాస్టారు అనేది. ముప్పై ఐదేళ్ల దర్జీ పని. ఎవరి పొట్ట ఎన్ని అంగుళాలు పెరిగిందో గుమ్మంలోనే చెప్పేసేవారు. తన ఒంటి సంగతి మాత్రం డాక్టరు ముందు కూడా నోరు విప్పేవారు కాదు.

కోడలు నర్సు. ఆమె పనిచేసే ఆస్పత్రిలో పెద్దపేగు క్యాన్సర్‌ని ముందుగా పట్టుకునే కొత్త పద్ధతిని పరీక్షిస్తున్నారు. పేగుల్లో మామూలుగా ఉండే మంచి సూక్ష్మజీవులనే ప్రయోగశాలలో మార్చి, పొడిగా ఇస్తారు. వారం రోజులు నీళ్లలో కలుపుకుని తాగాలి. లోపల గడ్డ ఉంటే అవి దాని మీద చేరి ఒక గుర్తును వదులుతాయి. ఎనిమిదో రోజు మూత్రంలో అది తెలుస్తుంది. గడ్డ దొరికితే, మందు మోసుకెళ్లే మరో రకాన్ని పంపుతారు. మాస్టారి అన్న ఆ జబ్బుతోనే పోయాడని కోడలు ఆయన పేరు రాయించింది.

మాస్టారు కాదనలేకపోయారు. తీరా చూస్తే సీసాలు తీసుకుని పేర్లు అంటించేది కోడలేనట.

"నాది ఆ పిల్ల చేత్తో పట్టుకుంటుందా? తల ఎక్కడ పెట్టుకోను?" అన్నారు భార్యతో.

"ఊళ్లోవాళ్ల నడుములన్నీ కొలిచినప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా? ఇలా తెండి, నేను తాగుతాను" అని ఆవిడ గ్లాసు అందుకుంది.

వారం రోజులూ ఆవిడ తాగింది, ఆయన తన పేరు కింద టిక్కులు పెట్టారు. ఎనిమిదో పొద్దున ఆవిడ మూత్రం పట్టిచ్చిన సీసాని మాస్టారు కాగితంలో చుట్టి, తనదేనన్నట్టు కోడలికి ఇచ్చి, వెనక్కి చూడకుండా షాపుకి వెళ్లిపోయారు.

పది రోజులకు పిలిపించారు. గుర్తు కనిపించిందని, చిన్న గడ్డే అయ్యుండొచ్చని, కెమెరా గొట్టంతో చూస్తే తేలిపోతుందని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు.

మాస్టారికి ముందు కలిగింది ఊరట. నాది కాదు. ఆ మాట లోపల పూర్తిగా అనుకున్నాకే అది ఎవరిదో గుర్తొచ్చింది. ఆవిడ బయట బెంచీ మీద కూర్చుని ఉంది, ఆయన గొడుగు ఒళ్లో పెట్టుకుని.

"భయపడకండి మామయ్యా, నేనున్నాగా" అంటూ కోడలు భుజం మీద చెయ్యి వేసింది.

ఇంకోసారి పరీక్ష చెయ్యమని అడిగి తప్పించుకోవచ్చు. ఈసారి నిజంగా తనే తాగితే ఏమీ లేదని రావచ్చు. అప్పుడు ఫైలు మూసేస్తారు. ఆవిడ లోపలున్నది అలాగే ఉండిపోతుంది.

"అది నాది కాదమ్మా. మీ అత్తయ్యది."

డాక్టరు రాయడం ఆపాడు. కోడలు చెయ్యి తీసేసింది.

"ఎందుకు మామయ్యా?"

"నీ చేతికివ్వడానికి సిగ్గేసింది."

ఆమె తిట్టలేదు. టిక్కుల కాగితం తీసి, ఒక్కొక్కటే చూసి, బోర్లించి పెట్టింది. అత్తయ్యకి తను చెప్పనా అని అడిగింది. తనే చెప్తానని మాస్టారు లేచారు.

ఆయన్ని చూడగానే బెంచీ మీద ఆవిడ పక్కకి జరిగింది.

"ఏమండీ, దొరికిపోయామా?" అంది నవ్వాపుకుంటూ.

మాస్టారు తలూపారు. ఆవిడ నవ్వు ఆగేదాకా నేల చూస్తూ నిలబడి, తర్వాత పక్కన కూర్చుని డాక్టరు చెప్పిందంతా చెప్పారు. లోపల తనకి ముందు కలిగిందేమిటో మాత్రం చెప్పలేదు.