కోట మెట్ల మీద బతాకా

పెద్దులుకు చొక్కా జేబు తడుముకోవడం అలవాటు. సైట్‌లో తట్ట దించినా, రూమ్‌లో అన్నం తిని లేచినా కుడిచెయ్యి తనంతట తానే జేబు మీదికి పోతుంది. అందులో ఉన్నది బతాకా. ఒమన్‌లో ఉండనిచ్చే ఆ కార్డుకు గడువు తీరి పదకొండు రోజులైంది. కంపెనీవాళ్ళు రేపూ మాపూ అంటున్నారు. ఎవరికైనా చూపించాల్సివస్తే తేదీ మీద బొటనవేలు పెట్టి పట్టుకుంటాడు. ఆ శుక్రవారం, రూమ్‌లో ఉండే గంగాప్రసాద్ పోరు పడలేక నిజ్వా కోట చూడ్డానికి వచ్చాడు. లోపల పాతకాలపు బతుకును మనుషులతోనే చేయించి చూపిస్తున్నారు. ఒక ముసలావిడ రొట్టెలు కాలుస్తోంది, ఒకాయన వెండి సాగగొడుతున్నాడు. పెద్దులు కళ్ళు మాత్రం పోలీసులెక్కడున్నారోనని గోడల వెంబడే తిరిగాయి.

మెట్ల మలుపులో నడుముకు వంకర బాకు, భుజాన తుపాకీ ఉన్న కాపలావాడు చెయ్యి అడ్డంపెట్టి, ఎవరు నువ్వని అరబ్బీలో గద్దించాడు. ముందు వెళ్తున్న టూరిస్టులు నవ్వారు. పెద్దులు గబుక్కున బతాకా తీసి చాచాడు.

"గాయన నిజం పోలీసు కాదే అన్నా. పాతకాలం ఏషం కట్టిండు. లోపల పెట్టుకో," అన్నాడు గంగాప్రసాద్.

కాపలావాడే నొచ్చుకుని, ఏం ఫరవాలేదన్నట్టు పెద్దులు భుజమ్మీద చెయ్యి వేశాడు. గంగాప్రసాద్ ఇద్దరికీ ఫోటో తీశాడు. అందులో కాపలావాడు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. పెద్దులూ నవ్వబోయాడు. బతాకా ఇంకా చేతిలోనే ఉంది, తేదీ మీద బొటనవేలు ఉంది.